గంజి మీద రంగుల కాగితం

కాలువ గట్టున డీజిల్ ఇంజను పెట్టి చేలోకి నీరు తోడుతున్నప్పుడు నూనె చుక్క నీళ్ళలో పడటం మీరు చూసే ఉంటారు. ఆ చుక్క చుక్కగా ఉండదు. చూస్తూండగానే పల్చని పొరగా పరుచుకుంటుంది. ఎందుకని? నీటి ఉపరితలం బిగదీసిన పొరలా ప్రవర్తిస్తుంది. ఈ గుణమే తలతన్యత. నూనె తలతన్యత నీటి తలతన్యతకన్నా చాలా తక్కువ. అందుచేత చుట్టూ ఉన్న నీరు చుక్క అంచును అన్ని వైపులకూ లాగేస్తుంది.

ఆ చుక్కకు రంగు కలిపితే? సంక్రాంతికి మిత్రులకు పంపే శుభాకాంక్షల కార్డుకు అందమైన కాగితం ఇంట్లోనే తయారవుతుంది. ఈ విద్య కొత్తదేమీ కాదు. మన దక్కనులో, బిజాపూరులో, 17వ శతాబ్దంలోనే ద్రవంపై తేల్చిన రంగులతో చిత్రాలు చేశారు.

మొదటిసారి నేను తరగతిలో దీన్ని వట్టి నీటితో చేసి చూపాను. పుల్లతో చారలు చక్కగా దిద్దాను. ఇంతలో ఎవరో బల్లకు తగిలారు. చారలన్నీ కలగాపులగం! "గోదారికి వరదొచ్చింది మాస్టారూ!" అన్నాడు వెనక బల్ల కుర్రాడు. దీనికి మందు మన వంటింట్లోనే ఉంది. గంజిలోని పిండిపదార్థపు పొడవాటి అణువులు నీటి కదలికకు అడ్డుపడతాయి. అంటే స్నిగ్ధత పెరుగుతుంది. గీసిన చార గీసిన చోటే నిలుస్తుంది.

పల్చని గంజిని గుడ్డలో వడకట్టి, చల్లార్చి, వెడల్పాటి పాత పళ్ళెంలో పోయండి. పైన కట్టిన పొరను కాగితం ముక్కతో తీసేయండి. ఎనామిల్ రంగులో టర్పెంటైన్ కలిపి పల్చన చేసి, పుల్లతో ఒక్కొక్క చుక్క వదలండి. చుక్క మునిగితే టర్పెంటైన్ ఇంకాస్త కావాలన్నమాట. కొబ్బరి ఈనెతో చారలు లాగి, తెల్ల కాగితాన్ని ఒక మూల నుంచి మెల్లగా పరిచి, ఎత్తి ఆరబెట్టండి. నున్నగా మెరిసే కాగితం పనికిరాదు. టర్పెంటైన్ ఇట్టే అంటుకుంటుంది కనుక ఈ పని పొయ్యికి దూరంగా, గాలి ఆడే వసారాలో, పెద్దల సమక్షంలోనే చేయాలి.

ఇక కార్డు మడత. అట్టను ఎటు పడితే అటు మడిస్తే పగులుతుంది. రాజమండ్రి మిల్లులోనైనా మరెక్కడైనా, యంత్రంపై గుజ్జు పరుగెత్తే దిశలోనే నారపోగులు ఎక్కువగా సర్దుకుంటాయి. తడిసిన పోగు పొడవు పెరగదు, లావెక్కుతుంది. కాబట్టి అదే అట్టనుంచి చిన్న చదరపు ముక్క కత్తిరించి ఒకవైపు తడి చేస్తే గొట్టంలా చుట్టుకుంటుంది. ఆ గొట్టం పొడవు ఎటుందో అటే పోగుల వరస. మడత ఆ వెంబడే పెట్టండి.

పని అయ్యాక గంజి మీద మిగిలిన రంగును పాత వార్తాపత్రికతో అద్ది తీయండి. అలవాటు చొప్పున ఆ గంజిని కుడితి తొట్టిలో పోసేరు సుమా! పశువులకు ప్రమాదం. కాలువలోనూ పోయకూడదు, దిగువ ఊళ్ళవాళ్ళు ఆ నీళ్ళే తాగుతారు. నూతికీ కాలువకూ దూరంగా చిన్న గుంట తీసి అందులో పోసి కప్పెట్టండి.