సెలవుదినము నేర్పు పాఠము

ఖతర్ రాజధాని దోహా చెంత బర్వా అల్ బరాహా అను కార్మిక నివాసము కలదు. ఖతరులోని తెలుగు కార్మికునకు సాధారణముగా శుక్రవారమే సెలవు. బట్టలుతుకుట, సరుకులు తెచ్చుట, పప్పుచారు కాచుట, ఇంటికి సొమ్ము పంపుట, సాయంకాలము క్రికెట్టు, రాత్రి బిడ్డలతో ఫోనులో మాటలు: ఇదియే వాని దినచర్య.

1860 నవంబరు 16న మద్రాసు నుండి ట్రూరో ఓడలో దర్బను చేరిన మన పూర్వులును ఒడంబడిక కూలీలే. చెరకుతోటలో వారికి ఆదివారమే ఊరట. అనుమతిచీటి లేక తోట విడుచుట నేరము. ఖతరులో యజమాని అనుమతి లేకయే పని మారు హక్కు 2020లో చట్టమాయెను.

ఇంటి వార్తకు మన పెద్దలు నెలల తరబడి ఓడకై వేచిరి. అయినను ఆ ఒక్క సెలవుదినముననే వారు తెలుగును బిడ్డలకందించిరి. బాలబాలికలారా, మీ సెలవుదినమున ఒక గడియ అవ్వాతాతలతో తెలుగున మాటాడుడు.