పిల్లల కేసుకు ఎలాంటి వకీలు కావాలి

బారిస్టరు అనేది ఇంగ్లండులోని న్యాయవాద సంఘాలలో చేరి, అక్కడి కోర్టులలో వాదించే అర్హత సంపాదించినవారికి దక్కే హోదా. రాజమండ్రిలో రెండో తరగతి ప్లీడరుగా ఉన్న టంగుటూరి ప్రకాశం పంతులు పై కోర్టులలో వాదించడానికి ఇంగ్లండు వెళ్లి బారిస్టరు కావలసి వచ్చింది. 1961 నాటి న్యాయవాదుల చట్టంతో ఆ తరగతి భేదాలు పోయి, వాదించే హక్కు గలవారంతా న్యాయవాదులనే ఒకే వర్గం కిందికి వచ్చారు గనుక, నేడు కుటుంబ వ్యాజ్యంలో చూడవలసింది బిరుదును కాదు, ఆ రకపు కేసులలో వకీలుకు ఉన్న అనుభవాన్ని.

ఆ అనుభవం మొదట బయటపడేది కేసును ఏ కోర్టులో వేయాలో తేల్చడంలోనే. ఉదాహరణకు, రుద్రూర్ నిజామాబాద్ జిల్లాలోనూ, పక్కనున్న బాన్సువాడ కామారెడ్డి జిల్లాలోనూ ఉన్నందున, సంతకూ ఆసుపత్రికీ వెళ్లే పట్టణంలోనే కేసు కూడా నడుస్తుందని అనుకోవడానికి వీలులేదు. పిల్లలను తమకు అప్పగించమని కోరే దరఖాస్తును, అన్ని మతాలవారికీ వర్తించే 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం ప్రకారం, మైనరు సాధారణంగా నివసించే ప్రాంతంపై అధికారం గల కోర్టులో వేయాలి. విడాకుల దావానైతే, 2003 సవరణ తరువాత, హిందూ వివాహ చట్టం కింద భార్య తాను ఉంటున్న చోటనే వేసుకోవచ్చు. పరిధి తప్పిన కోర్టులో వేసిన కేసు నెలల తరబడి వాయిదాలు తిరిగి వెనక్కి వస్తే, ఆ నెలలన్నీ బిడ్డ బాల్యంలోంచి పోయినవే.

అంతకంటె ముఖ్యమైనది బిడ్డ సంక్షేమం గురించిన అవగాహన. 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం ఐదేళ్లు నిండని బిడ్డ సాధారణంగా తల్లి వద్ద ఉండాలని చెబుతూనే, సంరక్షకుల నియామకంలో బిడ్డ క్షేమానికే అగ్రస్థానమిచ్చింది. అంటే తల్లి గెలిచిందా, తండ్రి గెలిచాడా అన్నది కోర్టు ముందున్న అసలు ప్రశ్న కాదు. అందువల్ల తొలి భేటీలో అవతలి పక్షం తప్పులనే ఏకరువు పెట్టించుకునే వకీలు కంటె, బిడ్డ ఏ బడిలో చదువుతున్నదీ, జబ్బు చేస్తే ఎవరు చూసుకుంటున్నదీ, తండ్రి గల్ఫులో ఉంటే నానమ్మ తాతలతో బిడ్డకు ఎంత చేరిక ఉన్నదీ అడిగి రాసుకునే వకీలు మేలు. వేరుగా ఉన్న తల్లి లేక తండ్రి బిడ్డను ఏ రోజుల్లో, ఎక్కడ కలుసుకోవచ్చో ముందే ఆలోచించి చెప్పేవారు మరీ మేలు.

మనోవర్తి, అంటే భార్యకూ పిల్లలకూ పోషణ నిమిత్తం చెల్లించే సొమ్ము, విషయంలో రజనేష్ వర్సెస్ నేహా కేసులో సుప్రీంకోర్టు 2020లో ఇచ్చిన తీర్పు ప్రకారం ఇరుపక్షాలూ ఆస్తులు, అప్పుల వివరాలతో ప్రమాణపత్రం దాఖలు చేయాలి. నిజాంసాగర్ ఆయకట్టులో వరి పండించే కుటుంబాల రాబడి జీతం చీటీలో కనిపించదు కనుక, పట్టాదారు పాసుపుస్తకం, ధాన్యం అమ్మిన రసీదులు, బ్యాంకు ఖాతా కాగితాలు అడగాలని తెలిసిన వకీలు ఇక్కడ నిజమైన నిపుణుడు.

1984 నాటి కుటుంబ న్యాయస్థానాల చట్టం 13వ సెక్షను ప్రకారం కుటుంబ న్యాయస్థానంలో న్యాయవాదిని పెట్టుకోవడం హక్కు కాదు, కోర్టు అనుమతి ఉండాలి. రాజీకి ప్రయత్నించడం ఆ కోర్టు విధి గనుక, రాజీ మాట ఎత్తితే బలహీనతగా చూసే వకీలు ఆ చట్టపు ఉద్దేశాన్నే దెబ్బతీస్తాడు.

ఫీజును ముందే మాట్లాడుకుని చెల్లించిన సొమ్ముకు రసీదు తీసుకోవాలి. గెలిస్తే ఇంత వాటా అనే ఒప్పందాన్ని బార్ కౌన్సిల్ నియమాలు నిషేధించాయి. ఫీజు బాకీ ఉందన్న కారణంతో వకీలు కేసు కాగితాలను ఆపుకోరాదని సుప్రీంకోర్టు 2000లో తేల్చింది కాబట్టి, నమ్మకం పోయిన వకీలును మార్చుకోవడానికి కక్షిదారు భయపడనక్కరలేదు.

ఫీజు కట్టలేక పిల్లల కేసును వదులుకోవలసిన అవసరమూ లేదు. 1987 నాటి న్యాయసేవల అధికార సంస్థల చట్టం 12వ సెక్షను కింద స్త్రీలు, పిల్లలు, షెడ్యూల్డు కులాలు, తెగలవారు ఆదాయంతో నిమిత్తం లేకుండా ప్రభుత్వ ఖర్చుతో న్యాయవాదిని పొందవచ్చు. రుద్రూర్‌లోని ఏ తల్లయినా నిజామాబాద్‌లోని జిల్లా న్యాయసేవాధికార సంస్థకు దరఖాస్తు చేసుకోవచ్చు, లేదా 15100 నంబరుకు ఉచితంగా ఫోను చేయవచ్చు.