చోకు లేని మెర్క్యురీ

విజయవాడ, సత్యనారాయణపురం.

అమ్మడూ,

అటక మీద దొరికిందంటూ నువ్వు పంపిన బల్బు ఫోటో చూశాను. లోపల తెల్లటి పూత, మెడ దగ్గర ఎంఎల్ అనే అక్షరాలు, 160 వాట్లు. మెర్క్యురీ బల్బులాగే ఉంది గదా, దీని చోకు ఎక్కడ పెట్టారు తాతయ్యా అని అడిగావు. దాని చోకు దాని కడుపులోనే ఉంది. అందుకే కొట్టువాళ్లు దీన్ని ‘చోకు లేని మెర్క్యురీ’ అని అమ్మేవాళ్లు. మీ పాలిటెక్నిక్ పుస్తకంలో సెల్ఫ్ బ్యాలస్టెడ్ అని ఉంటుంది, వెతుక్కో.

బల్బు నడుమ చిన్న క్వార్ట్జ్ గొట్టం ఉంటుంది. అందులో ఓ బొట్టు పాదరసం, కాస్త ఆర్గాన్. ఒకసారి ఆర్క్ అంటుకున్నాక, కరెంటు పారేకొద్దీ దాని దారి ఇంకా తేలికవుతుంది. కాలవ కట్టకు గండి పడితే చూశావుగా, నీళ్లు పోయేకొద్దీ గండి పెద్దదవుతుంది, పెద్దదయ్యేకొద్దీ ఇంకా నీళ్లు పోతాయి. ఆపేది లేకపోతే గొట్టం క్షణాల్లో పోతుంది. మామూలు మెర్క్యురీకి ఆ ఆపే పని చోకుది: ఇనప రేకుల మీద రాగితీగ చుట్టిన దిమ్మ, రాత్రంతా గుయ్యిమంటూ ఉండేది. ఈ ఎంఎల్ బల్బులో ఆ పని టంగ్‌స్టన్ ఫిలమెంటుది. గొట్టం చుట్టూ తిరిగి, దానితో సీరీస్‌లో ఉంటుంది. దిమ్మ లేదు, కెపాసిటర్ లేదు, మామూలు హోల్డర్‌కి తగిలిస్తే వెలుగుతుంది. పందిళ్లకీ జాతర్లకీ దీపాలు కడుతూ తిరిగే మాలాంటివాళ్లకు మోత బరువు తగ్గింది.

ఫిలమెంటు చేసే రెండో పని నీకు పుస్తకంలో అంత వివరంగా దొరకదు.

పాదరసపు వెలుగులో అన్ని రంగులూ ఉండవు. 405, 436 నానోమీటర్ల దగ్గర ఊదా, నీలం. 546 దగ్గర ఆకుపచ్చ. 578 చుట్టుపక్కల పసుపు. ఎరుపు ఇంచుమించు లేనట్టే. 1901లో అమెరికాలో పీటర్ కూపర్ హ్యూయిట్ పాదరసపు దీపానికి పేటెంటు తీసుకున్నాడు. ఫ్యాక్టరీలవాళ్లూ ఫోటో స్టూడియోలవాళ్లూ కొన్నారు గానీ ఇళ్లల్లో ఎవరూ పెట్టుకోలేదు. మనిషి మొహం పాలిపోయి కనిపిస్తే ఎవరు పెట్టుకుంటారు? తర్వాత బల్బు లోపలి గోడకు పూత పూశారు. పాదరసం విడిచే అతినీలలోహిత కాంతిని ఆ పూత కొంత ఎరుపుగా మారుస్తుంది. యిట్రియం వెనడేట్‌లో యూరోపియం కలిపిన పూత అది. 1960లలో కలర్ టీవీ తెరల మీద ఎరుపు కోసం వాడిందీ అదే సరుకు. అయినా చాల్లేదు.

పెళ్లిలో ఆ తేడా బాగా తెలిసేది. ఉత్త మెర్క్యురీ కింద పెళ్లికూతురు కాళ్ల పారాణి నల్లగా కనిపించేది. మధుపర్కాల ఎర్రంచు మట్టిరంగు. పెడన కలంకారీ దుప్పటి పరిస్తే దాని మీద ఎరుపేదో నలుపేదో పోల్చుకోలేం. అదే ఎంఎల్ బల్బు కింద పారాణి మళ్లీ పారాణి అయ్యేది. ఫిలమెంటు వెలుగులో ఎరుపు దండిగా ఉంటుంది కనుక పాదరసం ఎగ్గొట్టింది అది పూరించేది. చోకుగా ఊరికే వేడెక్కాల్సిన తీగ దీపంగా కూడా పనికొచ్చింది. ఆ ఆలోచన ఎవరిదోగానీ నాకు ముచ్చటేస్తుంది.

అయితే ముచ్చట వేరు, మీటరు వేరు. 125 వాట్ల చోకు మెర్క్యురీ వాటుకు 50 ల్యూమెన్ల దాకా ఇచ్చేది. ఈ 160 వాట్లది వాటుకు 20 ఇస్తే గొప్ప. నూరు క్యాండిల్ బల్బుకన్నా మెరుగే, అంతకుమించి ఏం లేదు. పైగా వోల్టేజీ బాగా పడిపోతే ఆర్క్ అంటుకోదు. కరెంటు రెప్పపాటు పోయొచ్చినా ఆరిపోతుంది, గొట్టం చల్లారి లోపలి ఒత్తిడి తగ్గితే గానీ మళ్లీ వెలగదు. ఫిలమెంటైనా వెలుగుతుండాలి గదా అంటావేమో. సీరీస్ అన్నాను కదమ్మా, ఒకటి ఆగితే రెండూ ఆగుతాయి. అందుకే తలంబ్రాల వేళకు పీటల దగ్గర రెండు మామూలు బల్బులు విడిగా వేసి ఉంచేవాళ్లం.

ఇంకో సంగతి. కార్తీకంలో, వరి చేలు కోతకొచ్చే రోజుల్లో, ఊళ్లో పందిరి వేస్తే మెర్క్యురీని ఎప్పుడూ వాకిట్లోనే కట్టేవాళ్లం, బంతి దగ్గర కాదు. 365 నానోమీటర్ల అతినీలలోహితం కొంత గాజు దాటి బయటికొస్తుంది, పురుగులకు అదంటే పిచ్చి. పచ్చదోమ, సుడిదోమ, రెక్కల పురుగులు అన్నీ అక్కడే చేరేవి, విస్తళ్లు బతికిపోయేవి. చేలల్లో దీపపు ఎరలు పెట్టేదీ ఈ పిచ్చిని నమ్ముకునే.

ఇప్పుడు నువ్వు చదువుకునే ఎల్‌ఈడీ దగ్గరికి రా. 2014లో హుద్‌హుద్ తుఫాను తర్వాత విశాఖలో వీధిదీపాలన్నీ ఎల్‌ఈడీకి మార్చారు. నీలం ఎల్‌ఈడీ కనిపెట్టిన అకసాకి, అమానో, నకమురాలకు నోబెల్ వచ్చిందీ ఆ ఏడే. ఆ నీలం చిప్ మీద పసుపు పూత వేస్తే తెలుపు. ఎర్ర పూత కూడా కలిపితే 2700, 3000 కెల్విన్ల వార్మ్ వైట్. దానికీ కరెంటును అదుపులో పెట్టేది కావాలి, ఇప్పుడు డ్రైవర్ అంటున్నాం. మన కొట్లలో వార్మ్ వైట్ అంటే ఎవరికీ అర్థం కాదు, ‘ఎల్లో’ అనాలి. అనగానే పెదవి విరుస్తారు. ట్యూబ్‌లైటు తెలుపు కలిగినవాళ్ల ఇంటి గుర్తుగా ఉన్న రోజుల నుంచీ మనవాళ్లకు పసుపు వెలుగంటే చిన్నచూపు. అందుకే పడగ్గదుల్లో కూడా 6500 కెల్విన్లు బిగించుకుని నిద్ర పట్టట్లేదంటారు.

కానీ పసుపుగా ఉన్నంత మాత్రాన ఎరుపు ఉన్నట్టు కాదు. సోడియం దీపం మెర్క్యురీ కన్నా పసుపే, దాని కింద ఎర్ర చీర ఎప్పుడైనా చూశావా? చవక వార్మ్ వైట్లలోనూ ముదురెరుపు తక్కువ. పెట్టె మీద, రంగులు ఎంత సరిగ్గా కనిపిస్తాయో చెప్పే అంకె, సీఆర్ఐ 80 అని ఉన్నా సరే, ఆ లెక్కలో ముదురెరుపు కలవదు. దానికి ఆర్9 అని వేరే అంకె ఉంది, చాలామంది అది అచ్చువేయరు. కొట్లోనే పరీక్ష చెయ్. తెల్లకాగితం మీద చిటికెడు కుంకుమ తీసుకెళ్లు. గుమ్మం దగ్గర ఎండలో చూసి, వెంటనే బల్బు కింద చూడు. గోధుమరంగుకు తిరిగిందంటే ఆ బల్బు వద్దు, దాని మీద ఎన్ని అంకెలు రాసి ఉన్నా.

ఇక నీ బల్బు. వెలిగించాలని ఉంటే వెలిగించు, తప్పు లేదు. వేయగానే ఫిలమెంటు పసుపుగా భగ్గుమంటుంది. ఆర్క్ మీద అప్పుడు వోల్టేజీ తక్కువ, మిగిలిందంతా ఫిలమెంటు మోయాలి. రెండు మూడు నిమిషాల్లో పాదరసం ఆవిరవుతూ ఆర్క్ తన వాటా తీసుకుంటుంది, ఫిలమెంటు నెమ్మదిస్తుంది, వెలుగు తెల్లబడుతుంది. నల్ల వెల్డింగ్ అద్దం లోంచి చూస్తే ఈ వాటాల మార్పు స్పష్టంగా కనిపిస్తుంది. మాటిమాటికీ ఆర్పి వెయ్యకు, ఆ మొదటి దెబ్బలకే ఫిలమెంటు తెగేది.

చోకు మెర్క్యురీ బయటి గాజు పగిలినా లోపలి గొట్టం వెలుగుతూనే ఉంటుంది. అప్పుడు వచ్చే కిరణాలకు కళ్లు మండి, చర్మం కమిలిపోతుంది. దీనికి ఆ భయం లేదు, గాలి తగలగానే ఫిలమెంటు కాలిపోయి తనే ఆరిపోతుంది. ఖర్మకాలి లోపలి గొట్టం కూడా పగిలితే మాత్రం చీపురు పెట్టకు. కిటికీలు తెరిచి కాసేపు బయటికి పో. తర్వాత గట్టి అట్టముక్కతో ఎత్తి మూతున్న సీసాలో వేసి, మునిసిపాలిటీ వాళ్లకు పాదరసమని చెప్పి విడిగా ఇవ్వు. 2013 మినమాటా ఒప్పందంలో ఈ దీపాల తయారీ ఆపమన్నది ఆ పాదరసం గురించే.

హోల్డర్ ప్లాస్టిక్‌ది వద్దు, వేడికి కరుగుతుంది. పింగాణీది వన్‌టౌన్‌లో దొరుకుతుంది.

మీ తాతయ్య