వేసవి సెలవులలో కథారచన

వేసవి సెలవులలో బాలబాలికలకు కథలు వ్రాయుట నేర్పు శిబిరములు ఇటీవల పలుచోట్ల జరుగుచున్నవి. అచ్చట ఏమి నేర్పవలెనను ప్రశ్నకు ప్రత్యుత్తరముగా, రష్యా దేశమునందలి యొక చిన్న బడిని గూర్చి చెప్పెదము.

తూలా మండలములోని యాస్నాయా పొల్యానా యను తన గ్రామమున 1859వ సంవత్సరమున లియో టాల్‌స్టాయి రైతుబిడ్డలకొక బడి పెట్టెను. వేసవియందు ఆ బిడ్డలు పొలముపనులకు పోయెడివారు గనుక బడి ముఖ్యముగా చలికాలమున సాగెడిది. మనకు వేసవియే తీరిక కాలము. అయినను అచ్చటి చలికాలపు రాత్రులలో జరిగినది మన మే నెల ఉదయములకు పనికివచ్చును.

మొదట టాల్‌స్టాయి ఉపాధ్యాయులందఱు చేయునట్లే చేసెను. ధాన్యమును గూర్చి, ఇంటిని గూర్చి, చెట్టును గూర్చి వ్రాయుడనెను. పిల్లలకు కన్నీరు వచ్చినంత పని అయ్యెను. మన తరగతులలో ‘ఆవు’ అను వ్యాసమును వ్రాయించినవారికి ఇది వింత కాదు. ఆవునకు నాలుగు కాళ్లు కలవని వ్రాసిన పిదప బాలునకు చెప్పుటకేమియు మిగులదు. అదే ఆవు పలుపు త్రెంచుకొని పొరుగువారి చేనిలో పడిన దినమును చెప్పుమన్నచో, వాని నోటిని ఆపుట మన తరము కాదు.

పిమ్మట ఆయన, అన్నము పెట్టి ఆ చేతితోనే బాధించువానిని గూర్చిన సామెత నొకదానిని ఇచ్చి, కథ అల్లుడనెను. ఎవ్వరును పూనుకొనలేదు. తానే వ్రాయ మొదలిడెను. పిల్లలు చుట్టు మూగి, ఇది ఇట్లుండదు, అది అట్లు జరుగదు అని దిద్దసాగిరి. కడకు సేమ్కా, ఫేద్కా అను పదిపండ్రెండేండ్ల బాలురు చెప్పుచుండగా ఆ మహారచయిత వ్రాయసకాడయ్యెను. ఒక రైతు ముసలి బిచ్చగానిని జాలితో ఇంట చేర్చుకొని, పిదప ఆ మేలును ఎత్తిపొడుచుట ఆ కథ. అందులో ఒక పురుషుడు ఆడువారి కురుచ కోటు తొడిగికొని వచ్చెనని వ్రాయవలెనని ఫేద్కా పట్టుపట్టెను. సామెతకును ఆ కోటునకును సంబంధము లేదు. కాని ఆ మాట వినగానే, చేతికందినది తగిలించుకొని చలిలోనికి వచ్చిన బీదయింటి మనిషి కన్నులకు కట్టును. అట్టి మాటను ఏ ఉపాధ్యాయుడును నేర్పజాలడు. అది వచ్చినపుడు గుర్తించిన చాలును.

దీనిని గూర్చి 1862లో ఆయన ప్రకటించిన వ్యాసమునకు పేరే ఒక ప్రశ్న: వ్రాయుట రైతుబిడ్డలు మనయొద్ద నేర్వవలెనా, మనము వారియొద్ద నేర్వవలెనా? విషయములు అనేకములు చూపవలెననియు, అవి ఉపాధ్యాయునకును రుచించునవై యుండవలెననియు, మొదట వ్రాయు శ్రమను కొంత ఉపాధ్యాయుడే మోయవలెననియు అందు చెప్పెను. దస్తూరిని గూర్చియు అక్షరదోషములను గూర్చియు పిల్లలతో మాటాడనే రాదనెను. ఈ కడపటి దానిని మేము పూర్తిగా ఒప్పుకొనజాలము. తెలుగున ఒత్తు తప్పినను దీర్ఘము జారినను అర్థమే మాఱును. అయినను కథ చెప్పుచున్న నోటికి అడ్డుపడి దిద్దుట వేఱు, మఱునాడు ప్రక్కన కూర్చుండి దిద్దుట వేఱు. తన తొలి కథ ఎఱ్ఱసిరాతో నిండి తిరిగివచ్చినచో, బాలిక రెండవ కాగితమును అడుగదు. తనయొద్ద చెప్పదగినదేమియు లేదని నిశ్చయించుకొనును. ఈ నష్టము ఏ పరీక్షా ఫలితములలోను కానరాదు.

భాష సంగతియు నిట్టిదే. మేమీ వ్యాసమును గ్రాంథికమున వ్రాయుచున్నాము గాని, బాలుని కథలోని అవ్వ వాని యింటి అవ్వవలెనే మాటాడవలెను.

శిబిరమున చిన్నవారు చెప్పగా పెద్ద తరగతులవారు వ్రాయుట మంచి యేర్పాటు. ఎండ ముదురకముందు రెండు గంటలు చాలును. తలిదండ్రులు బహుమానమేమి వచ్చెనని అడుగుటకు ముందు కథను చదివించుకొని వినవలెను.

మఱియొక జాగ్రత్త కలదు. సేమ్కా, ఫేద్కాల కథ ముగియకముందే దాని వ్రాతప్రతి పోయినది. కాగితములు మడిచి టపాకాయవలె చప్పుడు చేయు ఆటవస్తువులు చేయుట అప్పుడా బడిలో వేడుకగా నుండెను. కథయు ఆ వేడుకకు ఆహుతియయ్యెను. బాలురిద్దఱును ఒక రాత్రి టాల్‌స్టాయి యింటనే యుండి, జ్ఞాపకముతో దానిని మరల వ్రాసిరి. మన శిబిరములలో ప్రతి కథకును రెండు ప్రతులు తీయించి, ఒకటి యింటికిని ఒకటి బడి గ్రంథాలయమునకును ఇచ్చుట మేలు.