రెండు ధర్మములు

కృష్ణా తుంగభద్రల నడుమ నున్న ప్రాంతమును నడిగడ్డ యందురు. గద్వాల దానికి ముఖ్యపట్టణము. అచట నేయు పట్టుటంచు నూలుచీరలు దేశమంతట ప్రసిద్ధములు. నేతగాని మగ్గము తరచుగా ఇంటిలోనే యుండును. అతడు నాడె నాడించుచునే, మంచము మీది తల్లి పిలుపు వినగలడు. లేచి నీరిచ్చి, మరల పనికి కూర్చుండగలడు. తల్లియు ఓపిక యున్నంతకాలము కండెలకు నూలు చుట్టి కొడుకునకు తోడ్పడును. ఆ యింట పనియు, సేవయు ఒకే కప్పు క్రింద జరుగును.

ఉద్యోగికి ఈ సౌకర్యము లేదు. వనపర్తిలో కాపురముండి, నాగర్‌కర్నూలు కార్యాలయమునకు నిత్యము బస్సులో పోవు ఒక గుమాస్తాను ఊహింపుడు. అతని తండ్రి మంచము పట్టినాడు. తండ్రికి స్నానము చేయించి, మందిచ్చి బయలుదేరునప్పటికి బస్సు వెళ్ళిపోవును. అచట అర్జీ చేతబట్టుకొని దూరగ్రామము నుండి వచ్చిన రైతు ఎండలో కాచుకొని యుండును. ఆ రైతు ఇంటను ఒక ముసలితల్లి యుండవచ్చును. తండ్రిని విడుచుట తప్పు. రైతును త్రిప్పి పంపుటయు తప్పే. ఏ ధర్మమును విడువవలెను?

చట్టము కొంత దారి చూపినది. 2007వ సంవత్సరమున పార్లమెంటు చేసిన చట్టము ప్రకారము, నిరాదరణకు గురియైన తల్లిదండ్రులు ట్రిబ్యునలు నాశ్రయించి సంతానము నుండి పోషణభృతి కోరవచ్చును. అస్సాము రాష్ట్రము 2017లో చేసిన చట్టమున, తల్లిదండ్రులను పోషింపని ప్రభుత్వోద్యోగి జీతములో కొంత భాగమును వారికి ఇప్పించు ఏర్పాటు కలదు. జపాను దేశమున, కుటుంబములో శుశ్రూష అవసరమైన ఒక్కొక్కరి కొరకు ఉద్యోగికి 93 దినముల వరకు సెలవు లభించును.

అయినను చట్టము జీతమును కోయగలదు గాని, జ్వరము వచ్చిన నుదుట చేయి వేయింపజాలదు. దినకూలికి సెలవనగా ఆనాటి కూలి పోవుటయే.

కావున భారమును పంచుకొనుటయే ఉపాయము. పెక్కు ఇండ్లలో అది కోడలిపైననే పడును. ఆమెయు ఉద్యోగినియే కావచ్చును. అన్నదమ్ములు, అక్కచెల్లెండ్రు వంతులు వేసికొనవలెను. పై యధికారి వేళను కొంత సవరింపవలెను. తోడి యుద్యోగి ఆ గంటసేపు రైతు అర్జీ నందుకొనవలెను. బడి నుండి వచ్చిన బాలుడు తాతకు పత్రిక చదివి వినిపింపవచ్చును. అందరును తలయొక చేయి వేసినచో, ఆ గుమాస్తా ఏ ధర్మమును విడువ నక్కరలేదు.