లెక్కలో ఏ ఇల్లును జారిపోరాదు

2014 ఆగస్టు 19వ తేదీన తెలంగాణమున సమగ్ర కుటుంబ సర్వే జరిగినది. హైదరాబాదు పాతబస్తీలోని మొఘల్‌పురా వంటి వాడలు మొదలుకొని మారుమూల గ్రామముల వరకు సిబ్బంది ఒక్క దినముననే ఇంటింటికి పోయి వివరములు వ్రాసికొనిరి. వివరములు సేకరించుట ఒక పని. వానినుండి కావలసిన సంఖ్యను తప్పులేకుండ తీయుట మరియొక పని. ఈ రెండవ పని పంచాయతీ సభ్యులకును తరచు అవసరమగుచుండును.

ఒక గ్రామములోని 40 ఇండ్ల పట్టిక కంప్యూటరులో నున్నదనుకొందము. ఒక్కొక్క అడ్డువరుసలో ఒక్కొక్క ఇంటి వివరము గలదు. కుళాయి లేని ఇండ్లు 12. మరుగుదొడ్డి లేనివి 10. అంతమాత్రమున 22 ఇండ్లకు సౌకర్యములు లేవని చెప్పరాదు. రెండును లేని ఇండ్లు 7 అయినచో, అవి రెండుమారులు లెక్కకు వచ్చినవి. వానిని ఒకమారు తీసివేయగా, ఏదో ఒకటి యైనను లేని ఇండ్లు 15 మాత్రమే.

రెండును లేని ఇండ్ల సంఖ్యను తెలిసికొనుటకు ఎక్సెల్‌లో కౌంట్‌ఇఫ్స్ అను సూత్రము 2007 నాటి కూర్పు నుండి గలదు. మొదట కుళాయి నిలువువరుసను 2వ గడి నుండి 41వ గడి వరకు చూపి, "లేదు" అను నిబంధన నొసగవలెను. పిదప మరుగుదొడ్డి వరుసను గూడ సరిగా అన్ని గడులే చూపి, అదే నిబంధన నొసగవలెను. నిబంధనలన్నియు నెరవేరిన అడ్డువరుసలను మాత్రమే యంత్రము లెక్కించును. వార్డును మూడవ నిబంధనగా చేర్చవచ్చును.

అయితే ఒక జాగ్రత్త వహింపవలెను. ఒకరు "మొఘల్‌పురా" అనియు, వేరొకరు "మొగల్‌పురా" అనియు వ్రాసినచో మన కంటికి అది ఒకే వాడ, యంత్రమునకు రెండు. మన గ్రామముల పేర్లకును ఇదే చిక్కు. "లేదు" తరువాత ఖాళీ మిగిలినను ఆ వరుస లెక్కకు రాదు. కావున "ఉన్నది", "లేదు" అను రెండింటిని వేరువేరుగా లెక్కించి కూడి చూడుడు. మొత్తము 40 కాక 38 వచ్చినచో, రెండు వరుసలలో లోపమున్నదని గ్రహింపవలెను.

ఆ రెండు వరుసలు రెండు కుటుంబములు. అక్షరదోషముచే వారి అక్కర మరుగున పడరాదు. సభ్యులారా, లెక్క ముగిసిన పిదప పట్టికను గ్రామసభలో చదివి వినిపింపుడు. తమ ఇంటి సంగతి ఆ ఇంటివారికంటె బాగుగ ఎరిగినవారెవరు?