చిల్లరకు బదులు చ్యూయింగ్ గమ్మా?

ఆదోని, ఎమ్మిగనూరు చుట్టుపక్కల పల్లెల్లో సుగ్గికి పోయే కాలం వచ్చిందంటే చాలా ఇళ్లలో ముసలివాళ్లు, పిల్లలే మిగులుతారు. అమ్మానాయన గుంటూరు వైపు మిరప చేలల్లో ఉంటారు. ఇక్కడ పిల్లోడు ఏడుపు మొదలుపెడితే అవ్వ కొంగుముడి విప్పి ఐదు రూపాయలు చేతిలో పెడుతుంది. అవి నేరుగా అంగడికే. వాడు అడక్కపోయినా, చిల్లర లేదని అంగడాయన రెండు గమ్ములు చేతిలో పెట్టి పంపడమూ మామూలే.

గమ్ము మింగితే పేగులకు అతుక్కుపోతుందని పిల్లలను బెదిరిస్తుంటాం. అది నిజం కాదు. అందులో సాగే భాగం రబ్బరు లాంటి జిగురు. కడుపులో అరగదు గానీ, ఎప్పుడో ఒకటి మింగితే కొద్దిరోజుల్లో మలంతో పాటు బయటికి పోతుంది. భయపడాల్సింది రోజూ మింగే పిల్లల గురించే. అమెరికాలో నాలుగున్నరేళ్ల బాబు ఒకడు రెండేళ్లుగా మలబద్ధకంతో బాధపడ్డాడు. చూస్తే గమ్ములన్నీ కలిసి ముద్దకట్టి మలానికి అడ్డం పడ్డాయి. వాడు రోజుకు ఐదు నుంచి ఏడు దాకా మింగేవాడట. 1998లో డాక్టర్లు ఈ సంగతి రాశారు. అన్ని గమ్ములు వాడికి ఎవరిచ్చారనుకున్నారు? బుద్ధిగా ఉన్నందుకు బహుమానంగా ఇంట్లోవాళ్లే ఇచ్చారు! మన అవ్వ ఐదు రూపాయలు కూడా అలాంటివే కదా.

ఐదేళ్ల లోపు పిల్లలకైతే గమ్ము అసలే వద్దు. నోట్లో పెట్టుకుని పరుగెత్తుతూ, నవ్వుతూ ఉంటే గొంతుకు అడ్డం పడి ఊపిరాడకపోవచ్చు.

ఇక పళ్లు. గమ్ములో తీపి కాసేపటికే అయిపోతుంది, వెంటనే ఇంకోటి కావాలంటారు. అలా రోజంతా చక్కెర పళ్లకు తగులుతూనే ఉంటుంది, పిప్పి పళ్లకు అంతకంటే ఏం కావాలి? చక్కెర లేని గమ్ము అన్నం తిన్నాక కాసేపు నమిలితే లాలాజలం ఊరి పళ్లకు మేలే, కాదనను. కానీ పల్లె అంగట్లో దొరికేది ఎక్కువగా చక్కెర గమ్మే. చక్కెర లేనిదైనా అదే పనిగా తింటే విరేచనాలు పట్టుకుంటాయి.

తలనొప్పి అని తరచూ చెప్పే పెద్దపిల్లలుంటే, గమ్ము ఎంత నములుతున్నారో ఒకసారి అడగండి. ఇజ్రాయెల్‌లో అలాంటి 30 మంది చేత డాక్టర్లు నెలరోజులు గమ్ము మాన్పించారు. 19 మందికి తలనొప్పి పూర్తిగా పోయింది, ఇంకో ఏడుగురికి తగ్గింది. చిన్న పరిశోధనే, కానీ మాన్పించి చూడటానికి పైసా ఖర్చు లేదు.

మగ్గమున్న ఇంట్లో దీని గోల వేరు. పిల్లోడి వేలికి అంటిన గమ్ము పడుగు దారాలకు తగిలితే విడదీసే సరికి ఆ పూట పని పోయినట్టే. జుట్టుకు అంటుకుంటే మాత్రం కత్తెర పట్టకండి, కొబ్బరినూనె రాసి మెల్లగా లాగితే వచ్చేస్తుంది.

గమ్ముకు బదులు ఏమిస్తారంటారా? మన చేలో పండే బుడ్డలున్నాయి, బెల్లముంది. అయితే చిన్నపిల్లలకు బుడ్డ గింజలు కూడా గొంతుకు అడ్డం పడతాయి, వాళ్లకు మెత్తగా దంచి బెల్లం కలిపి పెట్టండి. సుగ్గిలో ఉన్న అమ్మానాయనలారా, ఈ రాత్రి ఇంటికి ఫోన్ చేసినప్పుడు పిల్లలను అడగాల్సినవి అడిగాక, ఫోను అవ్వకిమ్మని ఈ గమ్ము సంగతి ఆమెకు కూడా చెప్పండి.